వాడిన కనకాంబరాలు

నిన్న నెల్లూరులో ఒక కొట్టు ముందు అద్దాల పెట్టెలో మట్టి గులాబీలు పెట్టి, పైన ‘ఎప్పటికీ వాడవు’ అని రాశారు. చూడగానే ఒళ్ళు మండింది. “తీసుకోండి మేడం, ఎన్నేళ్ళైనా ఇట్టనే ఉంటాయి” అన్నాడు కొట్టతను. పెట్టెను నేలకేసి కొట్టాలన్నంత కోపం దిగమింగుకుని వచ్చేశాను.

మా మేనత్త వాడిన పూలే చేసేది. జువ్వలదిన్నెలో ఆమె వంటింట్లోకి అడుగుపెడితే చేపల పులుసు వాసనతో పాటు జిగురు వాసన కొట్టేది. తెల్లమట్టిలో జిగురు కలిపి, చపాతీ పిండిలా పిసికి, తడిగుడ్డ కప్పి, చిటికెడు చిటికెడు తీసి వేళ్ళ మధ్య రేకులు వత్తేది. పిన్నీసు మొనతో ఈనెలు గీసి, ఆరాక రంగులు అద్దేది. తాజా పూలు చేస్తే కొనేవాళ్ళుంటారని ఎవరైనా సలహా ఇస్తే, “నువ్వు చేసుకో, నేనొద్దన్నానా?” అనేది. ఆమె నోటికి జడిసి పడవలవాళ్ళు కూడా పక్కకు తప్పుకునేవాళ్ళు.

అన్నిట్లోకీ ప్రాణం పెట్టి చేసింది ఒక మూర కనకాంబరాలు. సముద్రం మీద చేపల వేటకు పోయిన మామ శవమై ఒడ్డుకు వచ్చాక, పదోనాడు ఆడవాళ్ళు ఆమెకు తలనిండా కనకాంబరాలు పెట్టి, వెంటనే తెంచి పెరట్లోకి విసిరేశారు. ఇల్లు కదలకూడదు కాబట్టి, అవి ఎండకు ముడుచుకుపోవడం కిటికీలోంచే చూస్తూ కూర్చుందట. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మూరనే, ఆ ముడతలతోనే, మట్టిలో చేసింది.

నెల్లూరులో కళా ప్రదర్శనకు పిలిస్తే అత్తా నేనూ దాన్ని తీసుకెళ్ళి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టి వచ్చాం. మర్నాడు వెళ్ళేసరికి బల్ల ఖాళీ. ప్రదర్శన పెట్టినావిడ తాపీగా చెప్పింది: “పొద్దున్నే దీపం వెలిగించాలి గదండీ, నిన్నటి పూలు ఉండకూడదని ఊడ్చే ఆమెతో తీయించేశాను. చెత్తబండి కూడా పోయింది.” పైగా, “అచ్చం నిజం పూలే అనుకున్నా, ఎంత బాగా చేశారో!” అని మెచ్చుకోలు! ఆ మెచ్చుకోలు వింటుంటే నాకు ఆమె చెంప పగలగొట్టాలనిపించింది.

అత్త మాత్రం గొంతు పెంచలేదు. “అప్పుడు మావోళ్ళు పీకి పారేసినారు. ఇప్పుడు నువ్వు పారేయించినావు. నా పూలంటే మీకందరికీ అంత కంటగింపేంది?”

ఇంటికి రాగానే మట్టి పిసకడం మొదలుపెట్టింది. మళ్ళీ అదే మూర చేసింది. ఆరాక బల్ల మీద పెట్టలేదు, కొప్పులో తురుముకుని చేపల రేవుకు నడిచింది. “ఎవురు తీస్తారో రండి!” అంది. ఎవరూ రాలేదు.

ఎప్పటికీ వాడని పూలు మా అత్త ఏనాడూ అడగలేదు. తలలో పెట్టుకున్నవి తలలోనే వాడిపోయేదాకా ఉండాలనుకుంది. అది ఒక్క పూట పని. ఆ ఒక్క పూట కాలం కూడా ఆమెకు మనం ఇవ్వలేదు.