దస్తీ లేక నోట్‌బుక్ వేశాను: పరకాల నుంచి హన్మకొండకు మూడో ఇంటర్వ్యూ

ఇది సరదాకి చేసిన ప్రయాణం కాదు. హన్మకొండ నక్కలగుట్టలో ఒక హోటల్ ఉంది, దాని రిసెప్షన్ ఉద్యోగానికి మూడోసారి ఇంటర్వ్యూకి పోవాల్సి వచ్చింది. పరకాలలో బట్టల దుకాణంలో తొమ్మిదేళ్లుగా బిల్లులు రాస్తున్నాను. దుకాణం మీద కోపమేమీ లేదు గానీ, ఒకే కుర్చీలో కూర్చుని కూర్చుని ఈ మధ్య నాకు ఒంట్లో నిలకడ లేదు. మొదటి ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో సే అనాలా, టెల్ అనాలా అని తడబడి ఏమీ అనలేదు. రెండోసారి ఇంకా అన్యాయం. మేనేజర్ మేడమ్ గెస్టులా నటిస్తూ ఫోన్ చేసింది. హోల్డ్ ఆన్ అనాలా, హ్యాంగ్ ఆన్ అనాలా అని నేను ఆలోచిస్తుండగానే ఆమె ఫోన్ పెట్టేసింది. "ఇంకొక్కసారి చూస్తాను, ఆ తర్వాత వేరేవాళ్లను తీసుకుంటాం" అంది. అదీ సంగతి.

అందుకని నాలుగు నెలలు ఒక నోట్‌బుక్ నింపాను. ఒక పేజీలో లుక్ ఫర్, లుక్ ఆఫ్టర్, లుక్ ఇంటు. పక్క పేజీలో బ్రింగ్, టేక్. మనకు "చూడు" అన్న ఒక్క ముక్కతో సంసారమంతా నడుస్తుంది, వీళ్లకు చూడటానికే ఇన్ని రకాలేంటో. ఎంత రాసినా ఇంకేదో మిగిలిపోయిందన్న గుబులు మాత్రం పోలేదు.

ఇంటర్వ్యూ పదిన్నరకు. పరకాల నుంచి హన్మకొండకు గంట, గంటా పావు పడుతుంది. నేను ఏడున్నరకే బస్టాండులో ఉన్నాను. ఆడవాళ్లం ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు కాబట్టి ఛార్జీ బాధ లేదు, సీటు బాధే. మా దగ్గర బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేస్తే ఆ సీటు మీదే. ఎవరూ కాదనరు. ఆ రోజు నా దస్తీ ఇంట్లోనే మరిచాను. బోర్డు మీద హన్మకొండ అన్న పేరు కనబడగానే ఆగలేక, చేతిలో ఉన్న నోట్‌బుక్కే కిటికీలోంచి సీటు మీదికి విసిరాను. జనాన్ని తోసుకుని తలుపు దాకా వచ్చి అడిగితే కండక్టర్ అన్నాడు, "హన్మకొండ నుంచి వస్తానం అక్కా. భూపాలపల్లి పోతాంది."

బోర్డు మీద రెండో పేరు చదవలేదు నేను. పుట్టి పెరిగిన ఊళ్లో, రోజూ చూసే బస్సు. లోపలికి పోదామంటే మెట్ల మీదే మనుషులు కిక్కిరిసి ఉన్నారు. నేను అరుస్తుండగానే బస్సు కదిలింది. నాలుగు నెలల చదువు కిటికీ పక్క సీట్లో దర్జాగా కూర్చుని భూపాలపల్లి పోయింది.

ఎంక్వైరీ కిటికీలో పెద్దాయనకు చెప్పాను. "ఆ కండక్టర్‌కు ఫోన్ చేస్త బిడ్డా. దొరుకుతదని జెప్ప, సూస్త" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. దొరుకుతుందని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోతుంది? ఆ బస్సు వెనకాలే పోదామా అని ఒక మనసు. ఇంతలో హన్మకొండ బస్సు వచ్చింది. తిట్టుకుంటూ ఎక్కాను.

సీటు దొరికింది. పక్కన కూరగాయల గంపతో ఒక పెద్దామె. గుడెప్పాడ్ క్రాస్ వచ్చేలోపు నేను పదిసార్లు ఫోన్ చూశాను, సంచి రెండుసార్లు విప్పి కట్టాను.

"ఏంది బిడ్డా, గట్ల మెసులుతానవ్?"

"పుస్తకం పోయింది పెద్దమ్మా. ఇంగ్లీషు పుస్తకం. ఇవ్వాళ దాంతోనే పని."

"సదివినవా?"

"నాలుగు నెలలు చదివిన."

"మరి ఇంక నోట్లెకు రాలేదా?"

ములుగు రోడ్డు దాకా మనసులో అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. సగం వచ్చింది, సగం రాలేదు. హన్మకొండ బస్టాండులో దిగి, ఇరవై రూపాయలకు షేర్ ఆటో ఎక్కి పది కాకముందే హోటల్ ముందు నిలబడ్డాను.

ఈసారి మేడమ్ ఫోన్ చేయలేదు. ఎదురుగా వచ్చి నిలబడి, తన బ్యాగ్ టాక్సీలో మరిచిపోయానని ఇంగ్లీషులో గొడవ మొదలుపెట్టింది. పొద్దున నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఆమె మొహం అలాగే ఉంది. లుక్ ఫరా, లుక్ ఇంటూనా అన్న ఆలోచనే రాలేదు. "సిట్, మేడమ్. డ్రింక్ వాటర్. విచ్ టాక్సీ? ఐ విల్ కాల్. ఐ విల్ ఫైండ్ యువర్ బ్యాగ్" అనేశాను.

ఆమె నటన ఆపి తెలుగులోకి వచ్చింది. "అంతా బాగుంది. కానీ ఫైండ్ అనకు, లుక్ ఫర్ అను. ఫైండ్ అంటే దొరికించి ఇస్తానని మాట ఇచ్చినట్టు. దొరక్కపోతే గెస్టు మొహం ఎలా చూస్తావు?"

ఎంక్వైరీ పెద్దాయన గుర్తొచ్చాడు. పొద్దున నేను తిట్టుకున్నది ఆ మాట ఇవ్వనందుకే. సిగ్గేసింది. "సోమవారం నుంచి రా, ఏడింటి షిఫ్ట్. నెల చూస్తాను" అంది మేడమ్. సంతోషంతో ఎదురుగా కనబడ్డ టిఫిన్ సెంటర్లో అరవై రూపాయలు పెట్టి దోశ, చాయ్ లాగించాను.

నాలుగున్నరకు పరకాలలో దిగి ఎంక్వైరీ కిటికీ దగ్గరికి పోతే, పెద్దాయన నన్ను చూడగానే నోట్‌బుక్ బయటికి తీశాడు.

"కండక్టర్ మళ్లొచ్చేటప్పుడు ఇచ్చిపోయిండు బిడ్డా, సీటు మీదనే ఉన్నదట. ఒక తాత రేగొండ దాంక దాని పక్కన నిలవడే పోయిండట. కూసో తాతా అని కండక్టర్ ఎంత జెప్పినా కూసోలే. ఎవలో పెట్టుకున్నరు, ఎక్కుతరు గదా అన్నడట."

ఆ తాత ఎవరో నాకు తెలియదు. నేను ఎక్కలేదని ఆయనకు తెలియదు. నిండు బస్సులో, నాలాంటి తొందరమనిషి కోసం అరగంట నిలబడ్డాడు. ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను కూడా. ఉద్యోగం వచ్చిన సంతోషం అంతసేపూ నన్ను ఒకచోట కూర్చోనివ్వలేదు గానీ, ఆ మాట విన్నాక బస్టాండు బెంచీ మీద చాలాసేపు కదలకుండా కూర్చున్నాను.

నాలాగే పొద్దున్నే హన్మకొండ పోయేవాళ్లకు ఒక్క మాట. పరకాలలో రెండు వైపుల బస్సులూ ఒకేచోట ఆగుతాయి. బోర్డు మీద రెండో పేరు కూడా చదవండి, ఎటు పోతుందో డ్రైవర్‌ను అడగండి, ఆ తర్వాతే దస్తీ వేయండి. మీరు ఎక్కని బస్సులో వేస్తే, దాని పక్కన ఎవరో ఒక తాత నిలబడి పోతాడు.