లామినేషన్ పాలైన గయానా డాలరు

యాదగిరి నర్సన్న మీద ఒట్టు. నా రెండు కళ్ళ మీద ఒట్టు, మొన్ననే చేయించుకున్న కళ్ళద్దాల మీద కూడా ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. నేను నోరు తెరిస్తే కోతలేనని మా మన్సూరాబాద్ కాలనీలో ఒక పేరుంది. ఉంటే ఉండనీ. ఇది నోటితో చెప్పేది కాదు, కూర్చుని రాసేది. పైగా ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను. ఒళ్ళు మండుతున్నవాడికి అబద్ధం అల్లే ఓపిక ఎక్కడుంటుంది?

నా కోపమంతా మా బామ్మర్ది మీద. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల గల్లీలో వాడికి జిరాక్స్ షాపుంది. ఆ గల్లీలో లామినేషన్ కాకుండా తప్పించుకున్న కాగితం లేదు. టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు, హాల్ టికెట్, ఆఖరికి పెళ్ళి పత్రిక కూడా. కాసేపు కదలకుండా నిలబడితే మనిషిని కూడా ఆ మిషన్లోకి తోసి, అవతలి నుంచి వేడివేడిగా లాగి, "తీస్కో అన్నా, ఇగ నూరేండ్లు ఏం గాదు" అంటారు.

నాది పాత నోట్లు పోగుచేసే పిచ్చి. మనవి కాదు, వెస్టిండీస్ వైపువి. నల్గొండ పక్కన మా ఊళ్ళో ఉన్నప్పుడు రేడియోలో కామెంటరీ వింటూ ఆ పేర్లు బట్టీపట్టాను. బార్బడోస్, ట్రినిడాడ్, జమైకా, గయానా. మనవాళ్ళ వికెట్లను గాల్లోకి ఎగరేసే ఆ మనుషులు సంతకు పోతే జేబులోంచి ఏం తీస్తారో చూడాలనిపించింది. తర్వాత తెలిసింది, వాళ్ళది ఒక టీమే గానీ ఒక దేశం కాదని. నూరేళ్ళ కింద ఎవరి నోటు వాళ్ళదేనని. గయానా అసలు దీవే కాదు, దక్షిణ అమెరికా నెత్తి మీద ఉంటుంది. అయినా క్రికెట్‌లో లాగే నోట్లలోనూ దాన్ని దీవులతోనే కలిపి లెక్కేస్తారు.

నా దగ్గర గయానా డాలర్లు రెండున్నాయి. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి నాటివి. ఎర్రటి రంగు. ఒక పక్క పడవంత ముక్కున్న పక్షి, ఇంకో పక్క జలపాతం. ఒకటి నలిగి పీలికలైంది. రెండోది మాత్రం మధ్యలో ఒక్క మడత తప్ప శుభ్రంగా ఉంది. అది ఇచ్చేసి, దాని బదులు ట్రినిడాడ్ నీలం డాలరు తెచ్చుకోవాలి. పదకొండేళ్ళుగా నా ఆల్బమ్‌లో ఆ ఒక్క పేజీ ఖాళీ.

నీలం డాలరు ఎవరి దగ్గరుందో ముందే తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే, గుడి వెనక వీధిలో, గుడివాడ నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు దగ్గర. ఆయనకు గయానా పేజీ ఖాళీ, నాకు ట్రినిడాడ్ పేజీ ఖాళీ. అయినా ఒప్పించడానికి రెండేళ్ళు పట్టింది. ఒట్టు పెట్టాను కాబట్టి దాచను, ఒప్పించడానికి ఒక కోత కోశాను. మా ముత్తాత ఓడెక్కి గయానాకు చెరకు నరకడానికి వెళ్ళాడనీ, వస్తూ వస్తూ ఈ నోటు పంచె అంచులో కుట్టుకుని తెచ్చాడనీ. మా ముత్తాత నకిరేకల్ దాటి ఎరగడు. నోటు కొరియర్‌లో వచ్చింది. మాస్టారు మాత్రం కళ్ళు తుడుచుకుని, "ఆదివారం రండి, మార్చుకుందాం" అన్నారు.

ఇంటి నుంచి వెళ్ళిపోయే నోటు కదా, గుర్తుగా కలర్ జిరాక్స్ ఒకటి ఉంచుకుందామని శుక్రవారం పొద్దున్నే బామ్మర్దికి ఇచ్చాను. "రెండు దిక్కులా తియ్యి. చెయ్యి తాకియ్యకు" అని మరీ మరీ చెప్పాను.

రాత్రి అన్నం వేళకు నవ్వుకుంటూ వచ్చాడు. షాపు కవర్లోంచి తీసి నా కంచం పక్కన పెట్టాడు. టక్ మని చప్పుడైంది. కాగితం చప్పుడు చేస్తుందా? దీపం కింద తళతళా మెరుస్తోంది, హోటల్లో మెనూ కార్డులా.

"మూలలు గూడ గుండ్రంగ కొట్టిన బావా, చేతికి గుచ్చుకోవు. ఇగ నీళ్ళల్ల ఏసినా ఏం గాదు."

కంచం పక్కకు నెట్టేశాను. వేడికి ఆ ప్లాస్టిక్‌లోని జిగురు కరిగి కాగితం నరనరంలోకి దిగుతుంది. ఇక అది నోటు కాదు, నోటు శవం. గాజుపెట్టెలో పెట్టిన శవం.

"ఒక్క ఫోన్ కొడితే నీ సొమ్మేం పోయేదిరా?" అని అరిచాను. "కూరేం చేసిన్రు బావా అని కొడ్తవ్, మీ కాడ వాన పడ్తుందా అని కొడ్తవ్. దీనికి కొట్టొద్దా?"

వాడు నా మొహం వంక చూశాడు. వడ్డించిన కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు, తినకుండానే.

"గా చిత్తు కాయితం కోసం నా తమ్మున్ని అన్నం ముందలికెళ్ళి లేపినవ్" అని మా ఆవిడ అందుకుంది. "మంచికే చేసిండు గద పోరడు."

మంచికే! ఈ ఊళ్ళో నా కొంప ముంచినవాళ్ళంతా మంచికే ముంచారు.

శనివారం పొద్దున్న అంచులు కత్తిరించి, తల ఆరబెట్టుకునే మిషన్‌తో వేడి పట్టి, మెల్లగా ఒలవబోయాను. ఒక మూల ప్లాస్టిక్ లేచింది. దాంతోపాటే పక్షి ముక్కు కూడా లేచింది. అంత పొడుగు ముక్కు, సగానికి తెగి, ఎర్రటి పొట్టులా ప్లాస్టిక్‌కే అంటుకుపోయింది. మిగతాది అలాగే వదిలేసి, ఆ ముక్క చేత్తో పట్టుకుని ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాను. షాపు ముందు, హాల్ టికెట్ల కోసం వచ్చిన పిల్లలంతా చూస్తుండగా, వాడిని కడిగేశాను. చదువు రానివాడా అన్నాను. అడగాలన్న ఇంగితం లేదా అన్నాను. వాడు మిషన్ ఆపి తల దించుకుని నిలబడ్డాడు. వాడి తరఫున పక్క షాపతను అన్నాడు, "పోనీ అన్నా, చిన్నోడు."

చిన్నోడు కాదు, నలభై నిండాయి.

ఆదివారం మాస్టారింటికి వెళ్ళక తప్పలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, నీలం డాలరు దాని మీద పెట్టారు. తెరచాప ఓడ బొమ్మ కనిపిస్తోంది. చేయి చాపితే అందేంత దూరంలో ఉంది.

నేను నాది పెట్టాను.

"ఇదేంటండీ, ఆధార్ కార్డాండీ?" అన్నారు. వెటకారం కాదు, చూపు ఆనలేదు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మీ ముత్తాతగారు పంచెలో కుట్టుకుని సముద్రం దాటించారన్నారే. ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదండీ దీనికి" అన్నారు.

"మా బామ్మర్దండీ" అన్నాను.

"చేసేముందు మిమ్మల్ని ఒక మాటైనా అడగలేదాండీ?"

"అడగలేదండీ."

"అయ్యో. తెలియక చేసుంటాడు, ఏమీ అనకండి పాపం." నీలం డాలరును మళ్ళీ కవర్లో పెట్టి, ఆల్బమ్‌లోకి దోపి, లోపలికి వినపడేలా, "కాఫీ పట్రావే" అన్నారు. మంచి కాఫీ.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మొదట్లో కళ్ళ మీద ఒట్టు పెట్టి చచ్చాను.

ఇందులో నేను అల్లింది ఒక్కటే. వాడు అడగలేదన్నది.

అడిగాడు. శుక్రవారం సాయంత్రం ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల కింద, చాయ్ బండి దగ్గర, నలుగురిని పోగేసుకుని అదే ముత్తాత కథ చెప్తున్నాను. ఆయన చెరకుతోట దొరను ఒంటిచేత్తో కాలువలోకి విసిరేసే ఘట్టం. ఫోన్ మోగింది. "బావా, నోటు మడత కాడ చినుగుతట్టున్నది. లామినేషన్ కొట్టాల్నా? ఆలోచించి చెప్పు, ఒక్కపారి కొడితే ఇగ ఊడదు" అన్నాడు. అంత విడమరిచి అన్నాడు. దొర ఇంకా గాల్లోనే ఉన్నాడు. వినేవాళ్ళు చాయ్ చల్లారిపోతున్నా నా నోరే చూస్తున్నారు. "కొట్టురా బై, గింతదానికి నన్నడుగుడేంది" అని పెట్టేశాను.

వాడు అక్కతో అనలేదు ఆ మాట. షాపు ముందు అంతమందిలోనూ అనలేదు. ఒక్కసారి, "ఫోన్ చేసిన గద బావా" అని తిరగబడి ఉంటే నాకు ఈ మంట ఉండేది కాదు. వాడి నోరు మూతపడటమే నన్ను కాల్చుకు తింటోంది.

రేపు ఈ కాగితాలు పట్టుకుని వాడి షాపుకే వెళ్తాను. ముందు చదవమంటాను. చదివాక, లామినేషన్ కొట్టమంటాను.