గుహ ముందు కూర్చుని మాట్లాడే మనిషి

అమ్మ పోయిన ఐదో వారంలో మళ్లీ బడికి వచ్చేశాను. ముంచింగిపుట్టు వెళ్లే దారిలో కొండవాలున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల మాది. నేను లెక్కలు చెబుతాను. ఆవరణలోనే నాకో గది ఇచ్చారు. వచ్చిన రోజే తొమ్మిదో తరగతికి వెళ్లి, ఆగిపోయిన పాఠం ఆగిన చోటి నుంచి అందుకున్నాను. ఎవరైనా బాగున్నారా అంటే బాగున్నానన్నాను. అది అబద్ధం కాదు. నొప్పి అనేది ఎక్కడైనా తగిలితే కదా బాగోలేదని చెప్పడానికి. పళ్ల డాక్టరు మత్తుసూది వేశాక దవడ ఎలా ఉంటుందో, నాకు మనిషంతా అలాగే ఉండేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని వంట అక్క అడిగితే, ఇంకో ముద్ద తిని ఆలోచించి చెప్పాల్సి వచ్చేది.

విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు మేం నలుగురం స్నేహితురాళ్లం ఒక ఆట ఆడేవాళ్లం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ అది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు అందులో మనుషులవుతారు. ముందు తలుపుంది, ఏం చేస్తారు అని నడిపేవాళ్లు అడుగుతారు. తోస్తామనో, చెవి ఆనించి వింటామనో ఆడేవాళ్లు చెబుతారు. ఆ పని అవుతుందో లేదో పాచిక తేలుస్తుంది. ఉద్యోగాలొచ్చి తలో ఊరికీ వెళ్లినా, ఆదివారం పొద్దున్న వీడియో కాల్‌లో ఆడుతూనే ఉన్నాం. అమ్మ పోయాక నేను మానేశాను.

ఒక సాయంత్రం వాళ్లలో ఒకతె ఫోన్ చేసింది. ఎప్పుడూ కథ నడిపేది ఆమే.

"ఈసారి కథ నువ్వు రాయవే. చిన్నదే, ఒక్క పూటలో అయిపోవాలి. ఒక గుహ, నాలుగైదు గదులు, చివర్లో ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే?"

"నిధో, రాక్షసుడో. గుహల పక్కనే ఉన్నావు కదా, నీకు చెప్పాలా?"

వద్దని చెప్పాలంటే కారణం చెప్పాలి. దానికంటే సరే అనడం తేలిక. సరే అన్నాను.

గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టుకుంటూ గుహ గీశాను. గీత బాగానే వచ్చింది. ఏ గదిలో ఏముందో రాయబోతే ఏమీ రాలేదు. మొదటి గది, తడి నేల. రెండో గది, రెండు దారులు. మూడోది ఖాళీ. నాలుగోదీ ఖాళీ. శనివారం సెలవు పెట్టి అరకు దాకా బస్సులోనూ, అక్కణ్ణించి జీపులోనూ బొర్రా వెళ్లాను. లోపల ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు, గబ్బిలాల వాసన. గైడు టార్చి వేసి, ఇది శివలింగం, ఇది పుట్టగొడుగు, ఇది తల్లీ బిడ్డా అని చూపిస్తుంటే జనం ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు అన్నీ రాళ్లుగానే కనబడ్డాయి. మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి, లెక్కపెట్టుకుంటూ ఎక్కాను.

మర్నాడు ఆట నడిపాను. మూడో గదికి వచ్చి, "ఇక్కడేముంది?" అని అడిగారు.

"ఏమీ లేదు."

నాలుగో గదిలోనూ అదే అడిగారు, అదే చెప్పాను. చివరి గదిలో మాత్రం ఎవరూ అడగలేదు. మూడు గంటలు సాగాల్సిన ఆట అరగంటలో అయిపోయింది. "తొందరేం లేదు, నెమ్మదిగా మళ్లీ రాయి" అంది స్నేహితురాలు. వాళ్లు నా మీద జాలిపడుతున్నారని తెలిసింది. అది కూడా వేరెవరి సంగతో అన్నట్టే అనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని వంటగది అరుగు మీద కూర్చున్నాను. వంట అక్క చేటలో చోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది. నాకంటే పదేళ్లు పెద్ద. జి.మాడుగుల వైపు కొండల్లో పుట్టిన మనిషి. కాగితంలోకి తొంగి చూసింది.

"ఇదేటి మేడమ్, ఇల్లు కట్టిస్తన్నారా?"

"ఇల్లు కాదక్కా, గుహ. ఆటకోసం గీశాను."

"గుహలో ఏటుంది?"

"అదే తోచడం లేదు. మామూలుగా నిధి పెడతారు. దానికోసం లోపలికి వెళ్తారు."

"నిదికా," అని రెండుసార్లు చెరిగింది. "మేం నీల్లకోసం ఎల్లీవోలం."

తర్వాత తనే చెప్పింది. వాళ్ల ఊళ్లో ఎండాకాలం ఊట ఎండిపోయేదట. కొండ మీద ఒక బండ కింద కన్నం ఉండేది. అందులోంచి పాక్కుంటూ పోతే లోపల గుంట, పైనుంచి బొట్లుబొట్లుగా నీళ్లు. వాళ్ల అప్ప, అంటే తోడబుట్టిన అక్క, చిన్న బిందె తోసుకుంటూ లోపలికి వెళ్లేది. ఈమె బయట కూర్చునేది.

"ఊరికే కూకోడం కాదు. మాటాడతా ఉండాల. నోపల దీపం నేదు, మూడు నాలుగు కంతలుంటాయి. మాట ఎటునించొత్తందో అటే రావాల అప్ప."

"అంతసేపు ఏం మాట్లాడేవారు?"

"ఏటో ఒకటి. పొద్దున్న ఏటి తిన్నానో, మేక ఏటి సేసిందో. అయిపోతే మల్లీ మొదలెట్టీదాన్ని."

"ఎప్పుడూ ఆపలేదా?"

ఆమె చేట దించింది. "ఒకపాలి ఆపీసాను. నిద్దరొచ్చీసింది. అప్ప సానాసేపటికొచ్చింది, మోచేతులు గీసుకుపోయి. కొట్నేదు, తిట్నేదు. ముందు నీల్లు తాగమంది. మర్నాడు మల్లీ నన్నే తీసికెల్లింది."

ఆసుపత్రిలో అమ్మ మూడు రోజులుంది. తెలివి లేదు. "మాట్లాడండి, వినిపిస్తూ ఉండొచ్చు" అని నర్సు నాతో రెండుసార్లు చెప్పింది. నాకు ఏమీ తోచలేదు. తెర మీద అంకెలు మారుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇది అక్కకి చెప్పలేదు. చేటలోంచి ఎగిరిన పొట్టు కాగితం మీద పడితే దులుపుకుని గదికి వెళ్లిపోయాను.

ఆ వారం గుహ మళ్లీ గీశాను. ఈసారి అందులో నిధి లేదు. చివరి గదిలో నీళ్ల గుంట, ఆ నీళ్లు బయటికి తేవాలి. దారిలో చీలికలు మూడు. ఆడేవాళ్లలో ఒకరు గుహ బయట కూర్చుని మాట్లాడుతూ ఉండాలి. మాట సాగినంతసేపూ చీలికల దగ్గర లోపలివాళ్లు దారి తప్పరు. ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు మాట ఆగితే పాచిక వేయాలి, పడినదాన్ని బట్టి దారి. నీళ్ల గుంట పక్కన ఒక ఎలుగుబంటి పడుకుని ఉంటుందని కూడా రాశాను. ఏదో ఒకటి ఉండాలి కదా అని.

ముందు ఇక్కడే ఆడి చూద్దామనుకున్నాను. ఆదివారం వాన పట్టుకుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు భోజనాల హాల్లో నా చుట్టూ చేరారు. పాచికలు లేవు. ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు తెచ్చారు, ఎన్ని తెల్లగా పడితే అంత. వాగుడుకాయలంతా లోపలికి వెళ్తామన్నారు. బయట కూర్చోడానికి మిగిలిన పిల్లది ఒడిశా సరిహద్దు దగ్గరి ఊరు. క్లాసులో ఏది అడిగినా తలూపడమే.

"నాకు మాటాడ్డం రాదు మేడమ్," అంది.

"ఇంట్లో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు. ఏదైనా ఫరవాలేదు."

గోడవైపు తిరిగి కూర్చుని మొదలుపెట్టింది. వాళ్ల ఇంటి భాష, ఒడియా కలిసినది. నాకు అర్థం కాలేదు. మాట మాత్రం ఆగలేదు. మొదటి చీలిక దాటారు, రెండోది దాటారు. నీళ్ల గది చేరారు.

"పక్కన ఎలుగు పడుకుని ఉంది," అన్నాను.

ఐదుగురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. కర్రతో కొడతారనో, నిప్పు రాజేస్తారనో నేను అనుకున్నాను. వాటికి ఎన్ని పిక్కలు పడాలో రాసి పెట్టుకున్నాను కూడా.

"దాన్ని లేపం మేడమ్," అంది ఒకతె. "సగం నీల్లే తెచ్చుకుంటాం. లెగిసాక దానికీ దాహమేత్తది కదా."

దానికి నా దగ్గర నియమం లేదు. సరే అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బయటి పిల్ల గొంతు తగ్గింది. ఆగింది. ఒకటి, రెండు, మూడు అని వేళ్లు విప్పుతున్నాను. "మాటాడవే గుంటా," అని లోపలినుంచి ఒకతె నెమ్మదిగా అంది. ఆ పిల్ల తెలుగులోకి వచ్చేసింది. వాళ్లమ్మ సంతకి తెచ్చేవి వరసగా చెప్పడం మొదలుపెట్టింది. చింతపండు, పసుపు, కొండచీపుర్లు, పిప్పళ్లు, మళ్లీ చింతపండు. అందరూ బయటికి వచ్చారు.

"ఇప్పుడు మీరు కూకోండి మేడమ్. మేం నడుపుతాం," అన్నారు.

గోడవైపు తిరిగి కూర్చున్నాను. వెనక ఎవరో వేళ్లు విప్పుతూ లెక్కపెడుతున్నారు. నాలుగు అనగానే పదిహేడో ఎక్కం అందుకున్నాను. పదిహేడు ఒకట్ల పదిహేడు. పిల్లలు నవ్వారు. పదిహేడు అయ్యాక పద్దెనిమిది, పంతొమ్మిది. పంతొమ్మిది పదుల దగ్గరికి వచ్చేసరికీ వాళ్లింకా లోపలే ఉన్నారు, కావాలనే ఆలస్యం చేస్తున్నారు. వాన పడుతోందన్నాను. ఉతికిన బట్టలు మూడు రోజులుగా ఆరలేదన్నాను. మా అమ్మ అయితే పొయ్యి పైన తాడు కట్టి ఆరేసేదని, బట్టలన్నీ పోపు వాసన వచ్చేవని, ఆ చొక్కాతో బడికి వెళ్తే పక్కపిల్లలు మీ ఇంట్లో ఇవాళ చారా అని అడిగేవారని చెప్పాను. చాలాసేపే చెప్పాను. ఏడుపు వస్తుందేమోనని మధ్యలో ఒకసారి చూసుకున్నాను. రాలేదు. గొంతు మాత్రం ఎండిపోయింది.

"ఒచ్చీసాం మేడమ్," అన్నారు వెనకనుంచి.

ఆ తర్వాతి ఆదివారం స్నేహితురాళ్లతో ఆ గుహే ఆడాం. బయట కూర్చుంటానన్నది, కథ రాయమని నాకు ఫోన్ చేసిన ఆమే. వాళ్ల ఇంటి ఓనరు కుక్క గురించి మొదలుపెట్టి గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. మిగతా ఇద్దరూ రెండో చీలిక దగ్గర ఉండగా మా బడి దగ్గర సిగ్నల్ పోయింది. కొండల్లో అది మామూలే. గొడుగు వేసుకుని నీళ్ల ట్యాంకు దగ్గర కాస్త ఎత్తుకు వెళితే పావుగంటకి కలిసింది.

"పోయావనుకుని వాళ్లిద్దరూ టీ పెట్టుకోడానికి లేచారు," అంది ఆమె. "నేను మాత్రం మాట్లాడుతూనే ఉన్నాను."

"ఎవరితో?"

"రూల్ అదే కదా, ఆపకూడదని."

"ఏం మాట్లాడావు?"

"గుర్తు లేదే. మా మెట్ల మీద పాచి గురించి అనుకుంటా."

సరే, రెండో చీలిక దగ్గర ఉన్నారు, చెప్పండి అన్నాను. వాళ్లు ఎడమకి తిరుగుతామన్నారు. వాన మళ్లీ జోరందుకుంది. గొడుగు కింద కాగితం తడవకుండా పట్టుకుని, మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా అక్కడే నిలబడి ఆట నడిపాను.