కాగితం మీద సవతి

మా డిపోలో ఆమెను అందరం నిదానమక్క అనేవాళ్లం. బస్సు నడపడంలో అంత నిదానం మరి. స్టాపు దగ్గర ఏ ముసలాయనో చేతికర్ర ఊపుకుంటూ వస్తున్నాడంటే, ఆయన ఎక్కి, సీటు చూసుకుని, సంచి ఒళ్లో పెట్టుకునేదాకా బ్రేకు మీంచి కాలు తీసేది కాదు. వెనక బళ్లవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచినా ఆమెకు చీమ కుట్టినట్టుండేది కాదు. "అంత కంగారైతే రెక్కలు కట్టుకుని ఎగిరిపొమ్మనండి" అనేది.

ఆమె పెళ్లి కూడా ఆ బస్సులోనే మొదలైంది. డిపోలో కొత్త షెడ్డు కడుతున్నప్పుడు తలుపులూ కిటికీలూ బిగించడానికి పక్క దేశం నుంచి కొందరు పనివాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక వడ్రంగి ఉండేవాడు. పని అయ్యాక రోజూ ఆమె బస్సెక్కి, చివరి స్టాపులో దిగకుండా మళ్లీ అదే బస్సులో వెనక్కి వచ్చేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"మీరు దిగాల్సింది ఎక్కడండీ?"

"అది ఎప్పుడో దాటిపోయిందండీ" అన్నాడతను తల వంచుకుని.

రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. సాక్షి సంతకం నాదే. ఆ తర్వాత కొద్ది నెలలకే అతని పని అనుమతి గడువు తీరిపోయింది. భార్య ఈ దేశస్థురాలు కాబట్టి ఇక్కడే ఉండిపోవచ్చు, కానీ ఆ అనుమతి చేతికొచ్చేదాకా సొంత దేశంలోనే ఆగాలి అని వలస ఆఫీసువాళ్లు చెప్పారు. కొద్ది నెలల పని అన్నారు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. "పురుడు టైముకి వచ్చేస్తాలే" అని చెప్పి, పనిముట్ల పెట్టె కూడా ఇక్కడే వదిలేసి వెళ్లాడు.

పురుడు అయింది. పాప బోర్లా పడింది, పాకింది, నడిచింది, మాటలు నేర్చింది. కేసు మాత్రం కదల్లేదు.

ఎప్పుడు ఫోను చేసి అడిగినా ఒకటే మాట, "పరిశీలనలో ఉందండీ." స్వయంగా వెళ్లి నిలబడ్డా అదే మాట. నిదానమక్క వాళ్లమ్మకి నోరు కాస్త పదును. "ఏం పరిశీలిస్తున్నారే అంతగా? మీ పెళ్లిని ఈకకి ఈక పీకి చూస్తున్నారా?" అనేది. కూతురు మాత్రం నవ్వి ఊరుకునేది. ఎక్కడో ఒక గదిలో, ఒక బల్ల ముందు, ఎవరో ఒక మనిషి కూర్చుని తమ పెళ్లి ఫొటోలూ, పాప పుట్టిన కాగితమూ ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడని ఆమె నమ్మకం. "జాగ్రత్తగా చూసేవాళ్లకి టైము పడుతుంది తమ్ముడూ" అనేది నాతో. తనలాగే ఆ మనిషి కూడా నిదానస్తుడనుకుంది కాబోలు.

పాప చంకలో ఉన్నప్పుడు ఒక్కసారి అతని దగ్గరికి వెళ్లొచ్చింది. ఆ తర్వాత వాళ్లమ్మ స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. పెద్దావిణ్ణీ, పసిదాన్నీ, డ్యూటీనీ వదిలి మళ్లీ వెళ్లడం కుదరలేదు. ఇక ఉన్నదల్లా ఫోనే. రోజూ సాయంత్రం అతను ఫోనులో కనిపించేవాడు. అతని వెనక ఎప్పుడూ ఒకే పచ్చరంగు గోడ. పాప ఆ బొమ్మకే అన్నం తిన్నానని చెప్పేది, దెబ్బ తగిలితే ఆ బొమ్మకే మోకాలు చూపించేది.

అలా ఉండగా ఒకరోజు వలస ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఇన్నేళ్లకు తనంతట తానుగా వచ్చిన మొదటి పిలుపు. పొద్దున డ్యూటీ నాతో మార్చుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుని, పాపకి బుగ్గన ముద్దుపెట్టి వెళ్లింది. పని అయిపోయిందనే మేమందరం అనుకున్నాం.

అక్కడ ఒక చిన్న గది. అధికారికి జలుబు చేసినట్టుంది, మాట మాటకీ ముక్కు తుడుచుకుంటున్నాడు.

"మీ ఆయన ఈ దేశంలోకి ఎప్పుడొచ్చారు?"

"రాలేదండీ. ఆయన కోసమే కదా ఇన్నాళ్లుగా మీ చుట్టూ తిరుగుతున్నాను."

"వచ్చారమ్మా. వచ్చి రెండేళ్లు దాటింది. ఈ ఊళ్లోనే ఉంటున్నారు." ఆయన కంప్యూటరులోకి చూస్తూ చదివాడు. "భార్య అని ఇంకొకావిడ పేరుంది. ఒక బాబు కూడా."

ఆ తర్వాత ఆయన ఏమన్నాడో ఆమెకి సరిగ్గా వినబడలేదట. ఆయన పెదాలు కదులుతున్నాయి, చెవుల్లో మాత్రం హోరు. "పేరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే, పుట్టిన ఊరూ ఒకటే" అన్న మాటలూ, "తేలేదాకా మీ కేసు ఆపేశాం" అన్న మాటా మాత్రం లోపలికి దిగాయి. బయటికి ఎలా వచ్చిందో ఆమెకి తెలియదు.

వచ్చింది సరే, నేరుగా ఇంటికి పోవచ్చు కదా. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేసింది! ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పలేదు. యూనిఫాం వేసుకుని బస్సు తీసింది. మార్కెట్టు స్టాపులో జనం చేతులెత్తి నిలబడితే ఆపకుండా పోయింది. తర్వాతి స్టాపూ అంతే. లోపల జనం "ఆపండి, ఆపండమ్మా" అని గోల పెడితే అప్పుడు ఒక పక్కకి తీసి, ఇంజను ఆపి, కంట్రోలు రూముకి ఫోను చేసింది. "నేను నడపలేను. ఎవరినైనా పంపండి."

నన్నే పంపారు. వెళ్లేసరికి జనమంతా దిగిపోయారు. ఆమె డ్రైవరు సీట్లో లేదు. వెనక ప్రయాణికుల సీట్లో కిటికీ పక్కన, టికెట్టు తీసుకుని ఎక్కిన మనిషిలా ఒద్దికగా కూర్చుంది. ఏడుపు లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందక్కా?"

"మీ బావ ఈ ఊళ్లోనే ఉన్నాడట తమ్ముడూ" అంది. "పెళ్లాం, కొడుకు ఉన్నారట."

ఆ పెళ్లికి సాక్షి సంతకం పెట్టినవాణ్ణి నేను.

ఆ సాయంత్రం మామూలుగానే ఫోను మోగింది. అదే మొహం, అదే పచ్చగోడ. అన్నాళ్లుగా చూస్తున్న ఆ గోడ ఏ ఊరి గోడైనా కావచ్చని ఆమెకి అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. పాపని అమ్మమ్మ దగ్గరికి పంపేసింది.

"ఒకసారి బయటికొచ్చి వీధి చూపిస్తావా?"

"ఇప్పుడా? ఎందుకు?"

"చూపించు."

"వాన దంచి కొడుతోందే ఇక్కడ."

"ఆ వానే చూపించు."

అతను కాసేపు కళ్లార్పకుండా చూశాడు. తర్వాత లేచి తలుపు తీశాడు. చెప్పులు లేని కాళ్లతో వానలోకి దిగి, ఫోను తిప్పాడు. ఎదురుగా కలపమిల్లు, తడిసిన దుంగల గుట్ట, దాని పక్కన తాను పనిచేసే షాపు బోర్డు. ఆమె అక్కడికి వెళ్లినప్పుడు చూసినవే. గొడుగు వేసుకుని వస్తున్న పక్కింటావిణ్ణి ఆపాడు.

"పిన్నిగారూ, నేను ఇక్కడే ఉంటున్నానని మా ఆవిడకి ఒక్క మాట చెప్పండి."

"అదేం మాట నాయనా? ఇక్కడ కాకపోతే ఎక్కడుంటావు?" అని ఆవిడ ఫోనులోకి వంగి చూసింది. "బాగున్నావా అమ్మా? పాప బాగుందా?"

అతను మళ్లీ తన మొహం చూపించాడు. కనురెప్పల మీంచి నీళ్లు కారుతున్నాయి. "చాలా? ఇంకెవరినైనా పిలవమంటావా?"

అప్పుడు చెప్పింది, ఆఫీసులో ఏమన్నారో. అతను అరవలేదు. కాస్త తేరుకుని, "వాళ్లు చెప్పారు, నువ్వు నమ్మేశావు" అన్నాడు.

"నమ్మలేదు. అడిగానంతే."

"ఇన్నేళ్లయ్యాక అలా అడగడం ఏమిటో నీకే తెలియాలి" అని పెట్టేశాడు.

తర్వాత కొన్నాళ్లు ఫోను రాలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. పాప సాయంత్రమయ్యేసరికి ఫోను ముందు కూర్చుని, విసిగి, నిద్రపోయేది. నిదానమక్క అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. అప్పుడు వాళ్లమ్మ అంది, "ఎందుకే అలా కుమిలిపోతావు? మనిషిని ఎదురుగా పెట్టుకుని కాపురం చేసేవాళ్లకే సవాలక్ష అనుమానాలు. నువ్వు ఇన్నేళ్లుగా అరచేతిలో బొమ్మతో కాపురం చేస్తున్నావు. ఇప్పటిదాకా రాకపోవడమే గొప్ప."

ఒక ఆదివారం అతనే ఫోను చేశాడు. కోపం పోయిందని చెప్పలేదు. "మా వైపు ఆఫీసులో తిరుగుతున్నాను. ఇక్కడికి తిరిగొచ్చాక నేను దేశం దాటలేదని రాసి, ముద్ర వేసి ఇచ్చారు. పంపిస్తున్నాను, వాళ్ల మొహాన కొట్టు" అన్నాడు. ఆమె కొట్టలేదు గానీ, తీసుకెళ్లి ఇచ్చి, ఆఫీసు మూసే టైముదాకా అక్కడి బెంచీ మీంచి లేవలేదు. మర్నాడూ వెళ్లింది. సెలవులన్నీ ఆ బెంచీకే పోయాయి.

మొత్తానికి మళ్లీ పిలిచారు. ఈసారి ఆమె పక్కన ఇంకొకావిడ కూర్చుంది. ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుందట, చేతులు సబ్బునీళ్లకి ముడతలు పడి ఉన్నాయి. ఒళ్లో బాబు ఒకటే మారాం. నిదానమక్క సంచిలోంచి బిస్కెట్టు తీసి ఇచ్చింది. "మీకూ ఆలస్యమేనా?" అంటే, "ఆలస్యం సంగతి దేవుడెరుగు అక్కా, నా కొంపే కూలిపోయింది" అందావిడ. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు.

తలుపు తెరుచుకుని, అధికారిగా కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ ఇద్దరి పేర్లూ కలిపి పిలిచింది. "మీరిద్దరూ ఒకేసారి రండి."

ఒకేసారి ఎందుకో ముందు లాండ్రీ ఆవిడకే అర్థమైంది. నిదానమక్క వైపు తిరిగి, బాబుని గట్టిగా పొదువుకుని, "నువ్వేనా?" అంది. "మా ఆయనకి మొదటి పెళ్లాం ఉందన్నారు. నువ్వేనా అది?" బాబు నోట్లోంచి బిస్కెట్టు లాగి కింద పారేసింది.

అంటే అధికారి చెప్పిన ఆ ఇంకో భార్య నిజంగానే ఉంది. మనిషి ఉంది, ఒళ్లో కొడుకుతో సహా ఉంది. వానలో తిరిగి చూపించిన వీధీ, పిన్నిగారూ, ముద్ర వేసిన కాగితమూ ఒక్క క్షణంలో ఎటో పోయాయి.

పెద్దావిడ రెండు ఫొటోలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

ఒకటి వడ్రంగిది. రెండోది గుండ్రటి మొహం, బట్టతల, తేనెటీగ కుట్టినట్టు ఉబ్బిన కళ్లు.

"వీడెవడు?" అంది లాండ్రీ ఆవిడ వడ్రంగి ఫొటో మీద వేలు పెట్టి.

"ఈయనెవరు?" అంది నిదానమక్క రెండోది చూసి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు నవ్వారో తెలియదు, ఇద్దరికీ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే లాండ్రీ ఆవిడ భోరుమంది. "బట్టలన్నీ మెట్ల మీదికి విసిరేశానక్కా! ఒట్టేసి చెప్తున్నా వినకుండా బయటికి నెట్టాను. వాళ్లన్న ఇంట్లో వరండాలో పడుకుంటున్నాడు పాపం!"

ఒకే పేరు, ఒకే తేదీ, ఒకే ఊరు. రెండో ఆయన ఈ దేశం వచ్చిన రోజున ఆయన వివరాలు తీసుకెళ్లి వడ్రంగి కేసుకి అతికించారు. మనిషి వచ్చేశాడు కాబట్టి ఇక చూడాల్సిందేమీ లేదని కంప్యూటరు ఆ కేసుని మూలన పడేసింది. పెద్దావిడ ఇదంతా చెబుతుంటే నిదానమక్క నవ్వు ఆగిపోయింది.

"అంటే, పరిశీలనలో ఉందని ఇన్నాళ్లూ చెప్పారు కదండీ. చూస్తున్నదెవరు?"

పెద్దావిడ కళ్లజోడు తీసింది. "ఎవరూ చూడలేదమ్మా."

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా."

తర్వాత నాతో చెప్పింది, సవతి ఉందన్న రోజు కంటే ఆ మాట విన్నప్పుడే ఎక్కువ దిమ్మ తిరిగిందని. తప్పు చేసినవాడిని తిట్టుకోవచ్చు, మోసం చేసినవాడిని నిలదీయవచ్చు. ఖాళీ కుర్చీని ఏం చేస్తాం? "నేను ఒక మనిషి కోసం ఓపిక పట్టాను తమ్ముడూ. అక్కడ మనిషే లేడు" అంది.

తప్పు తెలిశాక కూడా దాన్ని దిద్దడానికి వానాకాలం గడిచి చలికాలం వచ్చింది. చివరికి వడ్రంగి వచ్చాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. భార్యాభర్తలు ఎదురుపడి, ఏం చెయ్యాలో తెలియక, ఇద్దరూ ఒకేసారి అతను తెచ్చుకున్న పెట్టెని అందుకోబోయారు. వీధి చూపించమన్న సంగతి అతను ఎత్తలేదు. ఆమే ఎత్తింది, ఇంటికొచ్చే దారిలోనే. "నేను అలా అడిగి ఉండకూడదు" అంది. "అడిగావు కాబట్టే ఆ ముద్ర కాగితం కోసం తిరిగాను. లేకపోతే ఇంకా ఆ గోడ ముందే కూర్చునేవాణ్ణి" అన్నాడు. కానీ నవ్వలేదు. ఆ నొప్పి పోవడానికి చాలాకాలం పట్టిందని ఆమే చెప్పింది.

లాండ్రీ ఆవిడ మొగుణ్ణీ, బాబునీ వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చింది. గుమ్మంలోంచే "ఏమ్మా సవతీ, మా ఆయన దిగాడా?" అని కేకేసింది. నిదానమక్క వాళ్లమ్మ చేతిలోని గ్లాసు జారి పడింది. ఇప్పటికీ ఆ ఇద్దరి మధ్యా అదే పిలుపు. పాప ఆవిణ్ణి పిన్నీ అంటుంది. అలా అన్నప్పుడల్లా బట్టతలాయన తెగ సిగ్గుపడిపోతాడు.

పాప సంగతే అందరినీ హడలగొట్టింది. మొదటిరోజు తండ్రిని చూసి అమ్మమ్మ వెనక దాక్కుని, "నాన్నకి కాళ్లున్నాయేంటి?" అని ఏడుపందుకుంది. దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రం కాగానే అలవాటుగా ఫోను తీసి నాన్నకి కలపమంది. అతను వంటింట్లోకి వెళ్లి, గోడకి చేరగిలబడి ఫోను ఎత్తాడు. హాల్లో ఆ పిల్ల, వంటింట్లో అతను. అన్నం తిన్నావా, తిన్నాను, ఏం కూర, అన్నీ ఫోనులోనే. అలా ఎన్నో సాయంత్రాలు. ఒకరోజు మోకాలికి దెబ్బ తగిలింది. ఫోను చార్జింగులో ఉంది. ఆ పిల్ల కుంటుకుంటూ వంటింటి గుమ్మందాకా వచ్చి, కాసేపు నిలబడి, చూడమని కాలు ముందుకి చాపింది.