అయిదో లైసెన్సు

వరంగల్‌లో ఎంటెక్ చదువుతున్నప్పుడు మా ల్యాబ్‌లో కంప్యూటర్లకు కొరత లేదు. కొరతంతా లైసెన్సులకే. చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ఒకేసారి అయిదుగురే తెరవగలరు. ఆరో మనిషికి తెర మీద ఎర్ర అక్షరాలు కనబడతాయి.

దీనికి కారణాలు ఒకసారి వరుసగా రాసుకున్నాను. ఒకటి, ఈ సాఫ్ట్‌వేర్ అమ్మే పెద్ద కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రెండు, నిజానికి వాళ్లు అమ్మరు, ఏడాదికింత అని కౌలుకిస్తారు. ధర ఎక్కడా రాసి ఉండదు, అడిగినవాళ్లను బట్టి చెబుతారు. కాలేజీలకు బాగా తగ్గిస్తారు, రేపు ఉద్యోగాల్లో చేరాక మేం అదే కావాలంటామని వాళ్లకు తెలుసు. మూడు, చిప్ తయారుచేసే ఫ్యాక్టరీ నియమాలు ఆ సాఫ్ట్‌వేర్‌కు తగ్గట్టే ఉంటాయి. ఉచితంగా దొరికేదాంతో నేర్చుకోవచ్చు, గీయవచ్చు. చివరి తనిఖీ మాత్రం దాంతో చేస్తే మా ఫ్యాక్టరీ ఒప్పుకోదు.

అందుకే ల్యాబ్‌లో బస్టాండు పద్ధతి నడిచేది. బస్సు కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకున్నట్టు, పొద్దున్నే సాఫ్ట్‌వేర్ తెరిచి, స్క్రీన్ లాక్ చేసి టిఫిన్‌కు పోయేవాళ్లం. దాన్ని దస్తీ వేయడమనే అనేవాళ్లం.

నా డిజైన్ పంపడానికి అది ఆఖరి రోజు, సాయంత్రం దాకే గడువు. చాలా కాలేజీల చిప్‌లు కలిపి ఒకేసారి తయారుచేస్తారు. ఈ విడత తప్పితే నా చదువు ముగిసేలోపు మరొకటి లేదు. మధ్యాహ్నం చివరి తప్పు సరిదిద్ది తనిఖీ చేద్దామంటే ఎర్ర అక్షరాలు వచ్చాయి. పీహెచ్‌డీ చేస్తూ ల్యాబ్ చూసుకునే అక్క కూడా లైసెన్సు కోసమే ఎదురుచూస్తోంది. లైసెన్సులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో జాబితా తెరిచి చూసింది.

“నలుగురు పని జేత్తాండ్రు తమ్మీ. అయిదోది మీ జూనియర్‌ది. పొద్దటి సంది ఉత్తగనే ఉంది. ఏడున్నడు వాడు?”

ఫోన్ చేస్తే వాడు మరిపెడ బస్సులో ఉన్నానన్నాడు.

“లైసెన్సు పట్టుకొని ఊరికి పోతానవారా?”

“నీ కోసమే దస్తీ ఏసిన అన్నా! ఇయ్యాల ఆఖరంటివి గద. చెప్పుడు మర్సిన.”

“సరే, పాస్‌వర్డ్ జెప్పు.”

వాడు గొంతు తగ్గించాడు. “బస్సుల అందరు ఇంటాండ్రు అన్నా.”

“అంత సిగ్గువడేది ఏం పెట్టినవ్‌రా?”

“మెసేజ్ పెడుత. అక్కకు మాత్రం సూపియ్యకు.”

మెసేజ్ చదివాను. ఎవరికీ చూపలేదు.

వాడి కంప్యూటర్ తెరుచుకుంది గానీ నా చేయి ఆగింది. అక్కడ మూసిన క్షణంలో, ముందు ఎవరు అడిగితే లైసెన్సు వాళ్లకే పోతుంది. అక్క ప్రోగ్రాం గంటల తరబడి అడుగుతూనే ఉంది. ఆమె నా మొహం చూసి తన ప్రోగ్రాం ఆపేసింది.

“నాది రేపైన అయితది. ఫికర్ జెయ్యకు, నీ సిస్టం కాడ కూసో. వాడిది నేను బంద్ జేత్త.”

ఆమె మూసింది. నేను నొక్కాను. తెరుచుకుంది.

తనిఖీ నడిచింది. ఆఖరికి వచ్చిన వరుసలో తప్పులు సున్నా. ఫైలు పంపాను, అందినట్టు జవాబు వచ్చింది. వెంటనే సాఫ్ట్‌వేర్ మూసి, “తీస్కో అక్కా,” అన్నాను. ఆమె తెర వెలిగాక బయటికి నడిచి, మెట్ల మీద కాళ్లు చాపుకొని, ఏ పనీ లేకుండా కూర్చున్నాను.