మిర్యాలగూడ బ్యాంకు ముందు చెప్పుల వరుస

నోట్ల రద్దు జరిగిన ఏడాది, వరికోతల రోజుల్లో సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు ఈ దారిన వెళ్లాను. నగరాల్లో ఏటీఎంల ముందున్న బారుల గురించి అందరూ రాస్తున్నారు. కోతల వేళ రైతుకు సొంత డబ్బు చేతికందుతోందా లేదా అన్నది స్వయంగా చూడాలనుకున్నాను.

ఉదయం ఆరున్నరకు సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. గంట ప్రయాణం. టికెట్టుకు రెండువేల నోటు తీస్తే కండక్టర్ నవ్వాడు. "దీనికి చిల్లరియ్యాల్నంటే బస్సే అమ్మాలె సార్." వెతికి వంద నోటు ఇచ్చాను. కోదాడ బస్టాండు ఎదుట ఇడ్లీ బండాయన ఇంకా ముందుచూపున్నవాడు. "చిల్లర లేకపోయినా తినండి బాబూ, మళ్లీ వచ్చినప్పుడు ఇద్దురుగాని. బ్యాంకోళ్లకంటే నేనే నయం."

అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు దాదాపు రెండు గంటలు. పది కావస్తుండగా ఒక బ్యాంకు దగ్గర ఆగాను. షట్టరు ముందు మనుషులు లేరు, చెప్పుల జతలు బారుగా ఉన్నాయి. తెల్లవారుజామునే వాటిని వరుసలో పెట్టి, అవి పెట్టినవాళ్లంతా ఎదురుగా టీకొట్టు నీడన కూర్చున్నారు. వేములపల్లి రైతు సైదమ్మ మాత్రం చెప్పుల మీంచి చూపు తిప్పడం లేదు. మొదట అమ్మిన వడ్ల డబ్బు ఖాతాలో పడింది. మిగిలిన రెండెకరాలు కోయాలంటే కోత మిషన్‌వాళ్లు నగదే అడుగుతున్నారు. పైన మబ్బు పట్టింది.

"పైసలియ్యకుంటే మాపటికి మిషన్ పెద్దవూర దిక్కు పోతది సార్. వానొస్తే వరి నేల మీద పండుకుంటది."

ఆమె చెప్పుల వెనక జత ఆటో నడిపే జానయ్యది. ఆటో కిస్తీ కట్టడానికి డబ్బు తీసుకోవాలని వచ్చాడు. "అక్కా, నువ్వు ఛాయ్ తాగు. నీ చెప్పులే పోయి పైసలు తెస్తయి" అన్నాడు.

షట్టరు తీసేముందు మెట్లు ఊడ్చిన మనిషి చెప్పులన్నీ ఓ మూలకు నెట్టేశాడు. అప్పుడే వచ్చినవాళ్లు ఎగబడి ముందు నిలబడ్డారు. సైదమ్మ షట్టరు మీద చరిచింది.

"మా పైసలు మాకియ్యనీకి గిన్ని తిప్పలా? చెప్పులు గూడ మీకు అడ్డమైనయా?"

"పైనుంచి వచ్చినంతే ఇస్తామమ్మా, నన్నేం చెయ్యమంటారు?" అని మేనేజరు లోపలి నుంచే అన్నాడు. తిట్లు మొదలయ్యాయి. ఎవరో రాయి అందుకున్నారు. జానయ్య అడ్డంపడ్డాడు.

"ఆగుండ్రి! గీ అక్క చెప్పుల ఎనుకనే నేను పెట్టిన. గామె ముంగట ఎర్ర పట్టీలయి. అవి ఎవలయి?"

ఒకాయన చెయ్యెత్తాడు. ఆయన తన ముందువాడిని చూపించాడు. అలా ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుని వరుస కట్టారు. చెప్పులు పెట్టకుండా వచ్చినవాళ్లు గొణుక్కుంటూ చివరికి వెళ్లారు.

మధ్యాహ్నం సైదమ్మ డబ్బు తీసుకుంది. జానయ్య కౌంటరు ముందుకొచ్చేసరికి క్యాష్ ఖతం అన్నారు. ఆమె నోట్లు పట్టుకుని జానయ్య వైపు తిరిగింది.

"నా ముచ్చట చెప్పకుంట ఎర్ర పట్టీల ఎనుక నేనే అంటే గివి నీకొచ్చేటియి గద తమ్మీ!"

"ముందు పోయి మిషన్‌ను ఆపు అక్కా! ఆటో ఎక్కు. కిరాయి వడ్లమ్మినంక ఇద్దువు."

నేనూ ఆ ఆటోలోనే వేములపల్లి వెళ్లాను. మిషన్ ఇంకా గట్టు మీదే ఉంది. డబ్బు అందగానే మడిలోకి దిగింది.

ఆరోజు అక్కడ కోపం నిజం. దానివల్ల బ్యాంకులోకి ఒక్క నోటూ అదనంగా రాలేదు. సగం మంది వట్టిచేతులతోనే వెళ్లారు. సైదమ్మ చేను కోయించగలిగింది మాత్రం వెనకవాడు తన వంతు పోయేలా నిజం చెప్పడం వల్ల. ఈ దారిలో వెళ్లేవారికి నా సలహా ఒకటే: బస్సుకైనా బ్యాంకుకైనా వరుసలో నిలబడితే, మీ ముందున్నవారినీ వెనకున్నవారినీ ఒకసారి పలకరించి పెట్టుకోండి.