ముద్దలు పెట్టేవాళ్ళ చోటు

మా వైపు పిల్లలున్న ఇంటికి ఎవరూ వట్టి చేతులతో రారు. ఒకప్పుడు జామకాయలో, కొంగున మూటగట్టిన వేరుశనగకాయలో తెచ్చేవాళ్ళు. ఇప్పుడు బడ్డీకొట్టులో వేలాడే ప్యాకెట్లు తెస్తున్నారు. నా భార్య పోయాక పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ మా పాప చేతిలో ఏదో ఒకటి పెట్టారు. చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, రంగు నీళ్ళ సీసాలు. పెట్టి, తల నిమిరి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. అన్నం దగ్గర కూర్చుంటే పాప కంచం వైపు చూసేది కాదు. వచ్చినవాళ్ళ జాలితో దాని కడుపు అప్పటికే నిండి ఉండేది.

ఒకటో తరగతి చదివే పిల్ల. చూస్తుండగానే చిక్కిపోయింది. వినుకొండ నుంచి మా అక్క వచ్చి, దాని చెయ్యి పట్టుకుని చూసి, "మొగోడివి, నీవల్ల కాదురా. బడికి సెలవులియ్యగానే వచ్చి తీసకపోతా. నా దగ్గరే ఉంటది," అంది. నన్ను అడగలేదు, చెప్పింది.

ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. పాపను పంపే ఉద్దేశం నాకు లేదు.

మా ఇంట్లో భోజనం పద్ధతి నా భార్యది. వంటగది గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. వెడల్పాటి బేసిన్‌లో అన్నం, కూర కలిపి, ముద్దలు చేసి మా చేతుల్లో పెట్టేది. తనూ అందులోనే తినేది. పాపను తినమని ఆమె బతిమాలగా నేను వినలేదు. ఫోన్ చూపించడం, బూచోడొస్తాడని బెదిరించడం ఉండేవి కావు. కాకరకాయ చేసిన రోజు, "చేదే. తిని, ఎంత చేదో చెప్పు," అనేది. పాప గోరంత తిని, కాసేపు ఆలోచించి, "మొన్నటికంటే తక్కువ," అనో, "ఇయ్యాల చానా," అనో తీర్పు చెప్పేది. వద్దంటే ఆ ముద్ద తనే తినేసి, పప్పుతో ఇంకోటి కలిపేది. మళ్ళీ కాకరకాయ చేసిన రోజు మళ్ళీ పెట్టేది. కూర సంగతి పిల్లకు ఉన్నదున్నట్టే చెప్పేది. పిల్ల ఆమె చేతి ముద్దను ఎప్పుడూ అనుమానించలేదు.

ఆమె పోయాక అటకెక్కిన ఆ బేసిన్‌ను నేను కిందికి దించాను. మొదట్లో నా ముద్దలు అరచేతిలోనే విడిపోయేవి. "నాన్నా, ఇది ముద్ద కాదు, అన్నం," అంది పాప. వేడి మీద ఉండగానే అరచేత్తో మెదపాలని తెలిసేసరికి నా వేళ్ళు కాలాయి.

ప్యాకెట్లు ఆగకపోతే నేనెన్ని ముద్దలు కలిపినా వృథా. మొదట ఎదురింటి బాబాయి దొరికాడు. ఆయన చేతిలోది గుమ్మంలోనే తీసుకుని ఆయనకే తిరిగి ఇచ్చాను.

"ఏందిరా, పిల్లకి తెచ్చింది ఎనక్కిస్తావా? నేనేమన్నా పరాయోణ్ణా?"

"పరాయోళ్ళయితే తీసుకునేవాణ్ణి బాబాయ్, మళ్ళీ రారు గనక. నువ్వు రోజూ వస్తావు."

"తల్లి లేని పిల్లరా!"

"తల్లి ఎటూ లేదు. ఆకలన్నా ఉండనీ."

ఆయన ప్యాకెట్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. చేత్తో తెచ్చింది కాదనడం మా ఊళ్ళో మొహాన తలుపేసినట్టే. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పెళ్ళాం పోయాక పొగరెక్కిందన్నారు. మొగోడు బేసిన్‌లో చెయ్యి పెట్టి ముద్దలు కలుపుతున్నాడని అరుగుల మీద నవ్వుకున్నారు. నవ్వుకోనిచ్చాను. దుఃఖంలో ఉన్నవాడు తల వంచుకుని, ఎవరేమిచ్చినా పుచ్చుకోవాలట. నేను పుచ్చుకోలేదు. తర్వాత వచ్చినవాళ్ళ ప్యాకెట్లూ అలాగే తిరిగి వెళ్ళాయి. తేవాలనిపిస్తే పెరట్లో కాసింది తెమ్మన్నాను.

కొన్నాళ్ళకు బాబాయి మునగ రెమ్మలు తెచ్చి గుమ్మంలో పడేశాడు. "ఇదన్నా తింటదా నీ కూతురు? దీనిక్కూడా ఏమన్నా చట్టం పెట్టావా?"

"పెట్టా బాబాయ్. ఆకు దూసిస్తే తింటది."

తిట్టుకుంటూనే అరుగు మీద కూర్చుని ఆకు దూశాడు.

సెలవులివ్వగానే అక్క వచ్చింది. వస్తూనే పాప గౌన్లు సంచిలో సర్దింది. అన్నం తిని బయల్దేరుదువుగాని అన్నాను. మునగాకు పప్పు, కాకరకాయ కూర. బేసిన్ తీసుకుని గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. అక్క నిలబడిపోయింది.

"అక్కడ కూర్చున్నావేందిరా? అది నీ పెళ్ళాం చోటు."

"ముద్దలు పెట్టేవాళ్ళ చోటక్కా అది. ఖాళీగా ఉంచితే పిల్ల పస్తుంటది."

అక్క మా ఎదురుగా కూర్చుంది. పాప చెయ్యి చాపింది. మొదటి ముద్ద పెట్టాను.

"పసిదానికి కాకరకాయేందిరా, ఇంకేం దొరకలేదా? ఏమే, నీకిష్టమా ఇది?"

"ఇష్టం లేదత్తా," అంది పాప నములుతూ. "పోయినసారికంటే చానా చేదు."

"మరెందుకు తింటన్నావే?"

"తినకపోతే ఎంత చేదో ఎట్టా తెలుస్తది?" అని మళ్ళీ చెయ్యి చాపింది. "నాన్నా, ఇప్పుడు పప్పుది."

పాప తింటున్నంతసేపూ అక్క, మళ్ళీ కాస్త నిండిన దాని బుగ్గలే చూసింది. తర్వాత తన చెయ్యి చాపింది. ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"చింతపండు లేకుండా కాకరకాయ ఎవడన్నా చేస్తాడంట్రా?"

"నువ్వు నేర్పు."

"నేర్పుతా. అప్పుడప్పుడూ వచ్చి చూస్తా. పిల్ల మళ్ళీ చిక్కిందంటే మాత్రం నీ మాట వినను, ఎత్తకపోతా."

"రా అక్కా. వచ్చేటప్పుడు మీ పెరట్లో జామకాయలు తీసకరా."

"నాకే చెప్తన్నాడు చూడు," అంది పాపతో.

చెయ్యి కడుక్కుని సంచి దగ్గరికెళ్ళింది. గౌన్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పడేసింది. సంచి అడుగున పాప కోసం తెచ్చిన క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్ ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంది. నా వైపు చూసింది. మళ్ళీ సంచిలోనే వేసుకుంది.